ఎవరి ఇంటి విత్తనం?

మద్దిగుంపు,
జూలై 20.

తమ్ముడు బాలకృష్ణకు,

బాగున్నావా అని అడగను. ఖమ్మంలో ఫ్యాను కింద నిలబడి డిగ్రీ పిల్లలకు ఆకుల పేర్లు చెప్పే బాటనీ లెక్చరర్ బాగుండక ఏం చేస్తాడు? ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్‌లో నేను రెండు మాటలు అనేలోపు నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. పైగా మన కోయ గుంపులో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. అరవై రెండేళ్లు వచ్చాయి నాకు. నీ పాఠం వినడానికి గుట్ట ఎక్కలేను. ఉత్తరంలో అయితే నువ్వే నా మాట చివరిదాకా విని తీరాలి.

సంగతి ఇది. మన జొన్నచేలల్లో వయ్యారిభామ మొలిచింది. చండ్రుగొండ రోడ్డు పక్కన, బడి గోడ వెంట మనం రోజూ చూసేదే. క్యారెట్ ఆకు, తెల్ల పూలు. బస్సు దిగినచోట చూసి ఇంటికొచ్చేలోపు మరిచిపోయే మొక్క. అడవి దాటి మన వైపు ఎన్నడూ రాలేదు. ఈ ఏడు ముప్పై ఎనిమిది ఇళ్ల చేలల్లోనూ ఉంది. జొన్న మోకాలెత్తు రాకముందే సాళ్ల మధ్య సందు లేకుండా అల్లుకుంది. కలుపు తీసిన ఆడవాళ్ల చేతులు, మెడలు దద్దుర్లు లేచాయి. మన పక్క చేను పుష్పలత కళ్లు వాచి మూడు రోజులు దవాఖానా చుట్టూ తిరిగింది.

మండలంలో అడుగుదామంటే వాళ్ల ఘనత పోయిన ఏడే చూశాను. "వయ్యారిభామను తరిమికొడదాం" అని బ్యానరు కట్టుకుని ర్యాలీకి వచ్చారు. రోడ్డు పక్కన పూతమీదున్న మొక్కలు పీకారు, ఫొటోలు దిగారు, పైన పట్టా కూడా కప్పకుండా ట్రాలీలో వేసుకుని మూడు ఊళ్ల మీదుగా ఊరేగించారు. తరిమికొట్టడం అంటే ఊరూరా దింపి రావడమని ఆ రోజే తెలిసింది.

ఊళ్లో అందరూ తలో మాట అంటున్నారు. ఎక్కడినుంచి వచ్చిందో నేను నిన్ను అడగడం లేదు. ఎలా పోతుందో చెప్పు, చాలు. పంట కోసేలోపు పోవాలి. కోశాక వాగు అవతలి తండా నుంచి హరిలాల్ తన మందను మన చేలల్లోకి తోలుకొస్తాడు. నలభై ఆవులు. కోసిన చేలో జొన్నకొయ్యలు ఆయన పశువులకు, పేడ మన చేలకు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న మాట ఇది, కాగితం లేదు. ఆ కొయ్యలు లేకపోతే ఆ నలభై ఆవులూ ఎండాకాలం దాటవు.

నీ అక్క
జంపక్క


ఖమ్మం,
జూలై 29.

అక్కకు,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. అంగన్‌వాడీ టీచరుగా రిటైరై నాలుగేళ్లయినా ఎదుటివాణ్ణి బెంచీ ఎక్కించే అలవాటు పోలేదు నీకు. పోనీలే.

దాని అసలు పేరు పార్థీనియం. ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలు రాలుస్తుంది. కంటికి ఆనని నల్లటి గింజలు. గాలికి పోతాయి, నీటికి పోతాయి, గిట్టలకంటిన బురదలో పోతాయి. మీ వాళ్లకు చదివి వినిపించు, ఎక్కినంత ఎక్కుతుంది. పూత రాకముందే పీకాలి. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా. చేతులకు గుడ్డ చుట్టుకోవాలి, ముక్కుకు కట్టుకోవాలి. పూత వచ్చిన మొక్కను పెంటకుప్పలో వేశారో, వచ్చే ఏడు ఎరువుతో పాటు చేనంతా మీరే చల్లుకున్నట్టు. అది గొయ్యి తీసి పూడ్చాలి. గట్ల మీద తంటెపు గింజలు చల్లండి, అది దట్టంగా లేచి దీన్ని ఎదగనివ్వదు. ఇవన్నీ చేస్తే ఒక్క ఏడాదిలో పోతుందా అంటే, పోదు. నేలలో పడిన గింజ ఏళ్లతరబడి ఉంటుంది.

ఎక్కడినుంచి వచ్చిందో అడగడం లేదన్నావు. అడగాల్సింది అదే! మూలం తెలియకుండా నివారణ ఏమిటి? మన మనుషులకు ఈ ప్రశ్న ఎప్పుడూ పుట్టదు. సరే, నేనే చెబుతాను. మే నెలలో విత్తనాల పండుగకు వచ్చి రెండు రోజులున్నాను కదా, నా కళ్లు ఊరికే లేవు. హరిలాల్ మంద ఎండాకాలమంతా కొత్తగూడెం రోడ్డు వెంట మేస్తుంది. ఆ రోడ్డుకు రెండు వైపులా పార్థీనియమే. అదే మంద మీ చేలల్లో పడుకుంటుంది. ఇంతకన్నా సులువైన లెక్క ఉందా? ఇరవై ఏళ్ల మాట అని మీరు మురిసిపోతున్నారు. ఇరవై ఏళ్ల నిర్లక్ష్యం అంటాను నేను. ఆ మందను ఆపాలి. ఈ విషయం రిపోర్టుగా రాసి సంబంధిత ఆఫీసులకు పంపుతున్నాను. పేపరు జిల్లా పేజీకి కూడా ఒక వ్యాసం ఇస్తున్నాను.

అన్నట్టు, పండుగకు నేను తెచ్చిన యూనివర్సిటీ జొన్న ఎలా మొలిచిందో ఒక్క ముక్క రాయలేదు. పదకొండేళ్ల తర్వాత వచ్చినవాణ్ణి వట్టి చేతులతో రాలేదని, ఊరందరికీ సరిపోయే సంచి తెచ్చానని, మెచ్చుకోవడానికి నీకు నోరు రాదు.

తమ్ముడు
బాలకృష్ణ


మద్దిగుంపు,
ఆగస్టు 24.

బాలకృష్ణకు,

నీ రిపోర్టు బాగా పనిచేసింది. రెండు జీపుల్లో ఎనిమిది మంది దిగారు. ముందు చేను చూస్తారనుకున్నాను. ముందు బ్యానరు కట్టడానికి చోటు చూశారు. తర్వాత చెప్పులు బురద కాకుండా గట్టు మీదే నిలబడి, "అమ్మా, జర ఇటు తిరుగు, మొక్క కనపడాలె" అని పుష్పలత చేతిలో పూత మొక్క పెట్టి ఫొటో తీశారు. మొన్ననే కళ్లు వాచిన మనిషి చేతిలో! "సారూ, పూతది పీకితే గింజ రాలుతది" అని ఆమే చెప్పింది. "మాకు తెల్వదా అమ్మా?" అని నవ్వి, చేతిలోది గట్టు మీదే పడేసి, నాటుకోడి కూరతో తిని పోయారు. ఆ మొక్కను నేను తీసి పూడ్చాను.

నువ్వు చెప్పిన పద్ధతిలో మేం పీకుతూనే ఉన్నాం. వాన పడ్డ మర్నాడు ఊరంతా చేలల్లోనే. కోయ గుంపు వాళ్లకు బుర్రకెక్కదనుకున్నావుగా, గొయ్యి లోతు కూడా నీకన్నా బాగా తవ్వారు. అయినా సగమే అయింది. మిగిలింది పూతకొచ్చింది.

నీ వ్యాసం పేపర్లో వచ్చిన రోజు పూజారి బొజ్జయ్య అందరినీ దేవత గద్దె దగ్గర కూర్చోబెట్టి చదివించాడు. చదివింది నేనే, ఇంకెవరున్నారు? "మన గుంపు పిలగాడు, కాలేజీ సారు. కానిది రాస్తడా? ఈ ఏడు హరిలాల్ మంద వద్దు" అన్నాడు. అందరూ తలూపారు. నీ పేరు కింద నీ ఫొటో కూడా ఉంది. తల కాస్త పైకెత్తి, పక్కకు చూస్తున్నావు.

మర్నాడు హరిలాల్ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. "టీచరమ్మా, నా ఆవులు గా మొక్క ముట్టవు. దాని వాసనకే మొగం తిప్పుతయి. తినని గింజ పేడల ఎట్ల వస్తది? రోడ్డెంబటి మేసుడు ఈ ఏడు కొత్తనా? ఇరువై ఏండ్లు రానిది గిప్పుడు ఎట్లొచ్చింది? గంత సదివిన సారుకు గిది తెల్వదా?" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అరిచినా బాగుండేది.

నేను నోరు మెదపలేదు. ఆయన వెళ్లిపోయాడు.

ఆయన అడిగినదానికి నీ దగ్గర జవాబు ఉందా? నీ రిపోర్టు తప్పని రాసి వెనక్కి తీసుకో. ఎందుకని అడగకు. అక్క చెప్పిందని తీసుకో.

జంపక్క


ఖమ్మం,
సెప్టెంబర్ 5.

అక్కకు,

అక్క చెప్పిందని రిపోర్టు వెనక్కి తీసుకోవాలా? శాస్త్రం వరసలు చూసి నడవదు. ఆధారం ఉంటే చూపించు, ఈ క్షణమే వెనక్కి తీసుకుంటాను. హరిలాల్ గుమ్మంలో నిలబడ్డాడు, నాకు జాలేసింది అంటే అది ఆధారం కాదు. ఆవులు ఆ మొక్కను తినవన్నది నిజమే, ఒప్పుకుంటాను. గిట్టల బురద సంగతి ఏం చెబుతాడు? ఇన్నేళ్లు రానిది ఇప్పుడెలా వచ్చిందంటే, ప్రతిదానికీ ఒక మొదటి ఏడు ఉంటుంది.

నాకు ఈ వాదనకు తీరిక కూడా లేదు. వచ్చే నెల వరంగల్‌లో సెమినార్ ఉంది. "అటవీ గ్రామాల్లో ఆక్రమణ మొక్కలు: మద్దిగుంపు ఉదాహరణ" అని పేపర్ చదువుతున్నాను. మన గుంపు పేరు అలాంటి చోట వినపడటం ఇదే మొదటిసారి, అది కూడా నా వల్ల. చేల ఫొటోలు నాలుగు పంపించు. మంద ఉన్నప్పటివి ఉంటే మరీ మంచిది.

ఇంకొక మాట. మంద కాదంటే మిగిలింది విత్తనమే. మే నెలలో నా కళ్లతో చూశాను కదా. ఇంటింటి నుంచి సోలెడు విత్తనం తేవడం, గద్దె మీద అన్నీ కలిపేయడం, పూజారి దోసిళ్లతో పంచడం, ఎవరికి ఎవరి విత్తనం వచ్చిందో ఎవరికీ తెలియకపోవడం. పైగా ఎవరిదో అడగకూడదట! ఒక ఇంటి రోగాన్ని ముప్పై ఎనిమిది ఇళ్లకూ పంచడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ కనిపెట్టలేరు. చాట పట్టి చెరగని బద్ధకపు ఇల్లు ఒకటి ఉంటే చాలు. మీకు అంత అనుమానంగా ఉంటే ఆ ఇల్లు ఏదో కనిపెట్టి, గద్దె ముందు నిలబెట్టి అడగండి. దేవత పేరు చెప్పి దాచుకోకండి. అమాయకత్వం పేరుతో ఎంతకాలం ఈ వెనకబాటు?

బాలకృష్ణ


మద్దిగుంపు,
సెప్టెంబర్ 19.

బాలకృష్ణకు,

ఆ ఇల్లు కనిపెట్టాను. మనదే.

పండుగనాడు ఆటోలోంచి సంచి దించి, మీసం సవరించుకుంటూ, "యూనివర్సిటీ జొన్న, మీ పాత విత్తనం లెక్క కాదు" అన్నావు, గుర్తుందా? పట్నంలో ఇంత కాలం ఉండి కూడా ఆ రోజు నీ నోట మన మాటే వచ్చింది. నాకు ముచ్చటేసింది. పిచ్చిదాన్ని.

గద్దె మీదికి పోయే విత్తనం ఏ ఇంటిదైనా ముందు చాటలో చెరగాలి. అది మన పద్ధతి, బద్ధకం కాదు. నేను చాట తీసుకుని సంచి మూతి విప్పాను. నువ్వు అందరి ముందు నవ్వావు. "లాబ్‌ల టెస్టు చేసిన విత్తనాన్ని చాటల చెరుగుతరా అక్కా?" అన్నావు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా నవ్వారు. పుట్టినింటి మగపిల్లవాడు తెచ్చిన గింజను వాడి ముందే చెరిగితే వాణ్ణి నమ్మనట్టు. ఆ పట్టింపు కూడా మన పద్ధతే. చాట గోడకు తగిలించాను. సోలెడు కాదు కదా, సంచి మొత్తం గద్దె మీద పోశాం. బొజ్జయ్య దోసిళ్లతో కలిపి ముప్పై ఎనిమిది ఇళ్లకూ పంచాడు.

జూలైలో చేలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. నీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడు ఖాళీ సంచి తిరగేసి కుట్ల దగ్గర దులిపితే పిడికెడు జొన్న, దానితో నల్లటి నుసి రాలింది. ఒక కుండలో వాగు ఇసుక పోసి, రెండుసార్లు ఉడుకు నీళ్లు పోసి ఆరబెట్టి, అందులో చల్లాను. నాలుగు జొన్నలు మొలిచాయి. మిగతాదంతా అదే. లెక్కపెట్టడం యాభై దగ్గర ఆపేశాను.

ఇంకా విను. మనకు వరసకు మేనల్లుడు రవికుమార్ ఆటోలోనే కదా నువ్వు వచ్చింది. ఆ సంచి ఎక్కడ కొన్నారని వాణ్ణి అడిగాను. యూనివర్సిటీలో కాదట. పొద్దున లేటయిందని, దారిలో పశువుల దాణా అమ్మేవాడి దగ్గర ఆటో ఆపి, మూట కట్టిన జొన్న ఎత్తించుకున్నావట. సంచిలో చెయ్యి పెట్టి కూడా చూడలేదట. పదకొండేళ్ల తర్వాత పుట్టిన ఊరికి వస్తూ, దారిలో కొన్న పశువుల దాణాను విత్తనమని దేవత ముందు పోయించావు. బాటనీ లెక్చరర్‌వి! ఆకుల పేర్లు లాటిన్‌లో చెబుతావు, గింజను గుర్తుపట్టలేవు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఏం చెప్పావురా?

నన్ను నేను కూడా వదలను. హరిలాల్ నా గుమ్మంలో నిలబడిన రోజుకు ఆ కుండలో మొక్క జానెడు ఉంది. ఇంటి వెనకే ఉంది. నాకు తెలిసే నోరు మూసుకున్నాను. తమ్ముడి పరువు అనుకున్నాను. పేపర్లో ఫొటో పడినవాడి పరువు.

నువ్వు ఆధారం అడిగావు. ఇచ్చాను. ఇప్పుడు నీ శాస్త్రం ఏమంటుందో చూస్తాను.

జంపక్క


ఖమ్మం,
అక్టోబర్ 10.

అక్కకు,

ఉత్తరం అందింది. పరీక్షల పనిలో ఉండి జవాబు ఆలస్యమైంది.

నువ్వు చేసినదాన్ని ప్రయోగం అనలేం. ఇసుకలోనే గింజ ఉండి ఉండవచ్చు. గాలికి వచ్చి పడి ఉండవచ్చు. పక్కన సంచిలోది వేయని కుండ ఇంకొకటి పెట్టి ఉంటే పోల్చడానికి ఉండేది, అది నువ్వు చేయలేదు. కాబట్టి ఖచ్చితంగా ఇదే అని ఎవరూ చెప్పలేరు. రవికుమార్‌కు కూడా సరిగ్గా గుర్తున్నట్టు లేదు.

అయినా ఎవరిది తప్పు అని తవ్వుకుంటూ కూర్చుంటే మొక్క పోదు. పార్సిల్‌లో ముప్పై జతల గ్లౌజులు పంపుతున్నాను. డబ్బాలో ఉన్నవి మెక్సికో పెంకు పురుగులు, పార్థీనియం ఆకును మాత్రమే తింటాయి, జొన్నను ముట్టవు. గట్ల మీద వదలండి. నా సొంత ఖర్చుతో పంపుతున్నానని ఊళ్లో చెప్పక్కరలేదు.

ఆ సంచి ఇంకా ఇంట్లో ఉంటే కాల్చేయి. అందులో గింజలు మిగిలి ఉంటే ప్రమాదం కనుక చెబుతున్నాను. వేరే ఉద్దేశం లేదు.

బాలకృష్ణ


మద్దిగుంపు,
అక్టోబర్ 26.

బాలకృష్ణకు,

సంచి కాల్చలేదు. మడిచి నా ట్రంకు పెట్టెలో పెట్టాను, అడుగున, నీ పదో తరగతి సర్టిఫికెట్ మీద.

గ్లౌజులు పంచాను. పెంకు పురుగులను గట్టు మీద వదిలాను. దారిలోనే సగం చచ్చాయి, మిగిలినవి తింటున్నాయి. నీకన్నా నిజాయితీగా పని చేస్తున్నాయి. చేసిన తప్పుకు గ్లౌజులు పంపేవాణ్ణి నిన్నే చూస్తున్నాను. దొంగ ఇంట్లో పడి, పోతూ పోతూ తాళం కప్ప కొనిచ్చి పోయినట్టుంది.

హరిలాల్ దగ్గరికి పశువుల బేరగాళ్లు వచ్చారు. కొయ్యలు లేవని తెలిసి వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. పదకొండు ఆవులు పోయాయి. వాగు దగ్గర నుంచి లారీ పోవడం చూశాను. ఆయన భార్య మోతీ లారీ వెనక కొంత దూరం నడిచింది. ఏడవలేదు, ఆవుల పేర్లు పిలుస్తూ నడిచింది. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. కోతలకు మూడు వారాలు ఉంది. మంద రావాలని ఆలోపు గుంపు మాట మార్చకపోతే అవీ పోతాయి.

నేనే గద్దె ముందు చెప్పేదాన్ని. కానీ కలిపిన విత్తనం ఎవరిదో ఇంకొకరు పేరు పెట్టి చెప్పకూడదు, అది ఎంత పెద్ద కట్టుబాటో నీకు తెలుసు. ఇచ్చినవాడు తనంతట తాను చెప్పుకుంటే తప్పు లేదు. మన తాత కాలంలో ఒకసారి పుచ్చు కందులు ఇచ్చినవాడు అలాగే లేచి చెప్పాడు. చదువు లేనివాడు. వాడికి సెమినార్లు లేవు కనుక మాట తొందరగా వచ్చింది.

నీకు రాదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. నువ్వు పుట్టినప్పుడు అమ్మకు జ్వరం, నిన్ను నేనే ఎత్తుకు తిరిగాను. ఆ చేతులు ఇప్పుడు దురద పెడుతున్నాయి, వయ్యారిభామకా నీకా తెలియడం లేదు.

జవాబు రాయకు. వస్తే రా.

జంపక్క


లచ్చిరాం తండా,
నవంబర్ 11.

అక్కా,

పైన ఊరి పేరు చూసి తప్పు రాశాననుకోకు. హరిలాల్ ఇంటి వాకిట్లోంచే రాస్తున్నాను. వచ్చి మూడు రోజులైంది. వాగు దాటితే నువ్వు ఉంటావని తెలుసు. ముందు అటు రావడానికి ధైర్యం చాలలేదు.

సెమినార్‌లో పేపర్ చదవలేదు. చదవడానికి లేచాను, మద్దిగుంపు అనే మాట దగ్గర ఆగిపోయాను. ఒంట్లో బాగా లేదని చెప్పి దిగాను. ఎవరూ ఏమీ అనుకోలేదు, తర్వాతివాడు చదివాడు. నేను లేకపోతే ఆగిపోయేదేదీ అక్కడ లేదని అప్పుడు తెలిసింది. రిపోర్టు తప్పని ఆఫీసులకు రాశాను. పేపరు వాళ్లకూ రాశాను. నాలుగు లైన్లు వేశారు, ఫొటో లేకుండా.

మొదటి రోజు నేను మంచం మీద కూర్చోబోతే హరిలాల్ మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. రెండో రోజు మంద వెంట నడిచాను. నా బూట్లు చూసి ఆయన తమ్ముడు మంగీలాల్ ఒకటే నవ్వు. మూడో రోజు, అంటే ఈ రోజు పొద్దున, హరిలాల్ పాలు పిండుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. దాణా మూట, యూనివర్సిటీ అని చెప్పిన అబద్ధం, చాట చూసి నవ్వడం, సంచి కాల్చమని రాసిన మాట కూడా. ఆయన పిండటం ఆపలేదు. "నేనెందుకు నమ్మాలె? పేపర్ల గూడ గట్లనే రాస్తివి గద" అన్నాడు. అందుకని నీ ఉత్తరాలు తీసి చదివాను. నా తప్పుకు నా దగ్గరున్న సాక్ష్యం అవే.

కుండ సంగతి వచ్చినచోట ఆయన చెయ్యి ఆగింది. ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత అన్న మాట అన్నట్టే రాస్తున్నాను, తగ్గించను.

"నువ్వు తెల్వక రాసినవ్ సారూ. సదువుకున్నోళ్లు తెల్వక శానా రాస్తరు. టీచరమ్మ తెలిసి ఊకున్నది. నా పిల్లలు గామె దగ్గరనే అక్షరాలు నేర్సిండ్రు."

రేపు పొద్దున గద్దె దగ్గర నేనే లేచి చెబుతాను. బొజ్జయ్యకు కబురు పంపాను. మంద తోలుకొస్తావా అని హరిలాల్‌ను అడిగాను. "గామెను రమ్మను" అన్నాడు.

నిన్ను ఇందులోకి లాగాలని కాదు. కాదని అన్నా నువ్వు నమ్మవు. నా తప్పు చెప్పుకోవాలంటే నీది బయటపడక తప్పలేదు. ఈ ఉత్తరం మోతీ తెస్తోంది.

తమ్ముడు


మద్దిగుంపు,
నవంబర్ 25.

తమ్ముడూ,

నువ్వు గద్దె ముందు చెప్పి ఆ సాయంత్రమే బస్సెక్కిపోయావు. బాగా చెప్పావు. ఆ మాట ముందు రాయాలని రాస్తున్నాను.

నువ్వు పోయాక బొజ్జయ్య నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "పిలగాని సంచి మీదనే మా అందరికి అనుమానం జంపక్కా. అడుగరాదని ఊకున్నం." అందరికీ. ముప్పై ఎనిమిది ఇళ్లకూ! నేనొక్కదాన్నే పెద్ద రహస్యం మోస్తున్నానని మూడు నెలలు కుమిలిపోయాను. మన కట్టుబాటు మనవాణ్ణి కాచింది, బయటివాణ్ణి కాయలేదు. నీ కాలేజీ మీద, ఆఫీసర్ల మీద ఇన్ని ఉత్తరాల్లో ఇన్ని మాటలు అన్నాను. గుంపు మీద ఒక్కటీ అనలేదు. దానికి ఇప్పుడు మాట దొరకడం లేదు.

గుంపు మంద రమ్మంది. కబురు నేనే తీసుకుపోయాను. హరిలాల్ వాకిట్లో నన్ను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. తెలిసి దాచానని, నా తమ్ముడి కోసం నీ ఆవుల్ని పోనిచ్చానని, అదే మాటల్లో చెప్పాను. మోతీ లోపలి నుంచి వింటోంది. ఆయన తాడు పేనుతూనే, "గుంపోళ్లు పిలిచిండ్రు, తోల్కొస్త. అందరి చేలల్ల దిగుతయి. నీ చేల దిగవు" అన్నాడు. సరే అన్నాను. ఇంకేమంటాను? సిగ్గుతో చచ్చిపోయాను తమ్ముడూ, నీకు కాబట్టి రాస్తున్నాను.

నిన్న మంద వచ్చింది. నేను నా చేలో మిగిలిన వయ్యారిభామ పీకుతున్నాను. ఇరవై తొమ్మిది ఆవులూ నా గట్టు మీదుగానే పుష్పలత చేలోకి పోయాయి. ఒక ఎర్రావు కొయ్యల వాసనకు నా వైపు దిగబోయింది. హరిలాల్ కర్ర అడ్డం పెట్టి మళ్లించి తోలుకుపోయాడు. నేను చేతిలో మొక్కతో అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

జంపక్క